ప్రతి ఆదివారం పిల్లలకు అన్నం పెట్టాలనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

మీ పాప పుట్టినరోజుకి ఈసారి హోటల్లో పార్టీ వద్దు, ఎక్కడైనా పిల్లలకు భోజనం పెడదాం అనుకుని ఏదో ఒక ఆశ్రమానికి ఫోన్ చేస్తే చాలామందికి ఎదురయ్యే మాట ఇది: "ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరు బుక్ చేసుకున్నారండీ, రాత్రి పూటైతే ఖాళీ ఉంది." హైదరాబాద్‌లో కాస్త పేరున్న ఆశ్రమాలకు ఆదివారాలు, ఆగస్టు 15, జనవరి 1 వచ్చాయంటే బిర్యానీ మీద బిర్యానీ వచ్చి పడుతుంది. మంగళవారం మాత్రం అదే వంటావిడ, మిగిలిన నాలుగు కిలోల ఆలుగడ్డలతో అరవై మందికి కూర ఎలా సర్దాలా అని చూస్తూ ఉంటుంది.

నేను ఈ పనిలోకి వచ్చి ఆరేళ్లు దాటింది. ఒక్కసారి ఘనంగా పెట్టేవాళ్లకు మనలో కొదవ లేదు, చిన్నగానైనా వారం వారం వచ్చేవాళ్లకే కరువు. అందుకని ఇదంతా వారానికి ఒక పూట, మూడు నాలుగు గంటలు ఇవ్వగలిగినవాళ్ల కోసం రాస్తున్నా. డబ్బు ఎక్కువ అక్కర్లేదు. వంట వచ్చి ఉండాల్సిన పని కూడా లేదు, ఉల్లిపాయలు తరగడం వస్తే చాలు, అదీ రాకపోతే గిన్నెలు తోమే పని ఎప్పుడూ ఉంటుంది, దానికి పోటీ కూడా ఉండదు.

ముందు ఆకలి ఏ రోజు, ఎక్కడ ఉందో చూడండి

మన రెండు రాష్ట్రాల్లో సర్కారు బడికి వెళ్లే పిల్లలకు పదో తరగతి దాకా మధ్యాహ్నం పూట అన్నం దొరుకుతుంది. సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న బడుల్లో బియ్యం పంచి ఊరుకోవడం కాదు, వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక దేశమంతా ఈ పద్ధతి గట్టిపడింది. ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ఉంది. మరి ఆకలి ఎక్కడుంది అంటే, బడి లేని రోజుల్లో ఉంది. ఆదివారం, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, అన్నిటికంటే పెద్దది ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సాగే ఎండాకాలం సెలవులు. బడిలో తినే ఆ ఒక్క పూటే గట్టి భోజనమైన పిల్లకి ఏడు వారాలు అంటే ఎంత కాలమో ఒకసారి ఊహించుకోండి.

ఇంకో గుంపు అసలు బడి లెక్కల్లోనే కనపడదు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి దసరా, దీపావళి తర్వాత కుటుంబాలు కుటుంబాలుగా తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చి, మళ్లీ వానలు పడేముందు వెళ్లిపోతారు. పిల్లలు సగం ఏడాది అక్కడ, సగం ఏడాది ఇక్కడ. కోకాపేట, నల్లగండ్ల, మియాపూర్ వైపు లేచే అపార్ట్‌మెంట్ల వెనక రేకుల షెడ్లలో ఉండే పిల్లలదీ దాదాపు అదే కథ. ఆశ్రమాలకు ఆదివారం తిండి ఎక్కువైపోతుంటే, అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న లేబర్ షెడ్లలో అదే ఆదివారం ఉదయం పిల్లలు టీలో బన్ను ముంచుకుని మధ్యాహ్నం దాకా నెట్టుకొస్తారు. మీరు చేరబోయే బృందం ఈ తేడా చూస్తోందా లేదా అన్నది మొదటి పరీక్ష.

బృందాన్ని ఎలా ఎంచుకోవాలి

మూడు రకాలు ఉంటాయి, మీ స్వభావాన్ని బట్టి చూసుకోండి.

ఫంక్షన్లలో, హోటళ్లలో మిగిలింది తెచ్చి పంచేవాళ్లు ఒక రకం. రాబిన్ హుడ్ ఆర్మీ పేరు వినే ఉంటారు, 2014లో ఢిల్లీలో మొదలైంది, హైదరాబాద్‌లోనూ ఉంది. వాళ్ల దగ్గర నాకు నచ్చేది ఒకటి: డబ్బు అస్సలు తీసుకోరు, మీ టైము, మీ బండి, మీ కాళ్లు మాత్రమే అడుగుతారు. కొత్తవాళ్లకు భయం లేకుండా మొదలుపెట్టడానికి అలాంటి చోటు బాగుంటుంది.

రెండోది పెద్ద వంటశాలలు. అక్షయపాత్ర 2000లో బెంగళూరులో ఐదు బడుల్లో 1,500 మంది పిల్లలతో మొదలై ఇప్పుడు మన దగ్గరా నడుస్తోంది. ఆ స్థాయిలో అన్నం ఆవిరితో పెద్ద పెద్ద పాత్రల్లో ఉడుకుతుంది, బయటివాళ్లు గరిటె పట్టుకునే చోటు తక్కువ. మీకు నెల నెలా కొంత డబ్బు పంపడమే వీలైతే ఇలాంటి సంస్థలు సరిపోతాయి, పిల్లల మధ్య కూర్చోవాలన్న కోరిక ఉంటే మాత్రం తీరదు.

మూడోది కాలనీలో పదిమంది కలిసి నడుపుకునే చిన్న బృందాలు. నేనున్నది ఇలాంటిదే. ఇక్కడ పని ఎక్కువ, గొడవలు కూడా ఎక్కువే (ఉప్పు ఎవరు వేయాలన్న దాని మీద మా వాళ్లు ఒకసారి రెండు వారాలు మాట్లాడుకోలేదు), కానీ మీరు పెట్టిన ముద్ద ఎవరు తిన్నారో మీకు తెలుస్తుంది.

చేరేముందు ఫోన్లో ఈ మాటలు అడగండి. ఒకే చోటికి ఎన్నాళ్లుగా వెళ్తున్నారు? తిండి బాగుందో లేదో చూసే బాధ్యత ఎవరిది, పేరు చెప్పగలరా? మిగిలిన తిండి పంచేవాళ్లయితే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉందా? మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది, సరైన సంస్థకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. నేను రాలేని వారం ఏం చేస్తారు? ఇవి అడుగుతుంటే విసుక్కున్నా, మీరు నోరు తెరవకముందే విరాళం ఎంత రాసుకోమంటారు అన్నా, థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేయండి.

రోజు, వేళ ఖాయం చేసుకోండి

డొక్కా సీతమ్మ గారి కథ గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి 2024లో పెట్టింది ఆవిడ పేరే. లంకల గన్నవరంలో ఎవరు ఏ వేళకి వచ్చినా అన్నం పెట్టేదట. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని బయల్దేరితే, దారిలో ఒక పెళ్లివారు "కాసేపు ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో భోజనం దొరుకుతుంది" అని పిల్లలకు చెప్పుకోవడం వినపడిందట. అంతే, దర్శనం మానేసి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించిందని చెప్తారు.

మనం అంత చేయలేం, ఎవరూ చేయమని అడగట్లేదు కూడా. కానీ ఆ పెళ్లివారి ధీమా ఉంది చూశారూ, ఆ ఇంట్లో అన్నం ఉంటుంది అన్న నమ్మకం, పిల్లలకు ఇవ్వాల్సింది అదే. "ఆదివారం పన్నెండున్నరకి అన్నం పెట్టేవాళ్లు వస్తారు" అని తెలిస్తే పిల్లలు ఆ ఉదయం బస్టాండు దగ్గర చేయి చాపడానికి వెళ్లరు, తల్లి ఆ పూటకి బియ్యం మిగుల్చుకుంటుంది. మీరు చెప్పాపెట్టకుండా రాకపోతే ఆ పూట వాళ్లకు రెండు రకాలుగా నష్టం. అందుకే ప్రతివారం కుదరదనుకుంటే ముందే నెలకి రెండు అని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. నాలుగు అని చెప్పి రెండు రావడమే ఇబ్బంది.

మొదటి రెండు వారాలు గరిటె పట్టకండి

ఖాళీ చేతులతో వెళ్లండి. షెడ్లయితే ముందు మేస్త్రినో, వాచ్‌మన్‌నో, సైట్ సూపర్‌వైజర్‌నో కలవాలి, లేకపోతే రెండో వారం గేటు దగ్గరే ఆపేస్తారు. వాళ్ల టెన్షన్ వాళ్లది: మీరు లేబర్ డిపార్ట్‌మెంటు వాళ్లేమో, వీడియోలు తీసేవాళ్లేమో అని. "అన్నా, పిల్లలకు ఆదివారం భోజనం పెడదామని వచ్చాం, ఫోటోలు తీయం, గంటలో వెళ్లిపోతాం" అని సూటిగా చెప్పండి.

తర్వాత ఒక నోట్‌బుక్ తీయండి. రెండేళ్ల లోపు ఎంతమంది, ఆరేళ్ల లోపు ఎంతమంది, ఆ పైన ఎంతమంది, గుడ్డు తిననివాళ్లు ఎవరు, ఏదైనా తింటే ఒంటికి పడనివాళ్లు ఎవరు, మాంసం విషయంలో ఇంటి పట్టింపులు ఏమిటి. పిల్లల్ని అడిగితే అందరూ అన్నీ తింటామంటారు, అమ్మల్నే అడగాలి. భాష రాకపోతే కంగారు అక్కర్లేదు, "ఔర్ చాహియే?" అన్న రెండు మాటలతో నేను ఆర్నెల్లు గడిపాను. ఒడియా పిల్లలకు ముక్కలు వేసిన పప్పు ఇష్టం, వాళ్ల ఇళ్లలో వండే దాల్మాకి దగ్గరగా ఉంటుంది కదా.

చూడటం ఎందుకంత ముఖ్యమో నాకు ఒక పిల్ల నేర్పింది. ఎనిమిదేళ్లు ఉంటాయేమో. మేము మొదట్లో పెట్టుకున్న రూలు, అక్కడే కూర్చుని తినాలి, ఇంటికి పార్సిల్ లేదు. ఆ పిల్ల రెండు ముద్దలు తిని, నేను అటు తిరగగానే మిగతా అన్నం పప్పుతో సహా గౌను జేబులోంచి తీసిన పాల కవర్లోకి చేత్తో తోసేస్తోంది. కవరు కడిగి ఆరబెట్టుకుని మరీ తెచ్చుకుంది. నేను గబుక్కున "ఏయ్, ఇక్కడే తినాలి" అన్నాను. పిల్ల ఏడవలేదు, వాదించలేదు, కవరు వెనక్కి పెట్టుకుని తల దించుకుని తినడం మొదలుపెట్టింది. తర్వాత పక్క షెడ్డు ఆవిడ చెప్తే తెలిసింది, లోపల జ్వరంతో పడుకున్న తమ్ముడున్నాడని. ఆ మరుసటి వారం నుంచి మా సామాన్లలో మూతలున్న స్టీలు డబ్బాలు పది చేరాయి, రూలు పోయింది.

మిగిలిన తిండి తెచ్చేటట్టయితే

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనసు మంచిదైనా పిల్లలు ఆస్పత్రి పాలయ్యేది ఇక్కడే.

మొదటి చిక్కు వేళ. హైదరాబాద్ రిసెప్షన్లలో భోజనాలు అయ్యేసరికి రాత్రి పదకొండున్నర, మిగిలింది మీ చేతికి వచ్చేసరికి పన్నెండు. అప్పుడు ఏ పిల్లలు మేలుకుని ఉంటారు? పొద్దున్నే పంచుదాంలే అని ఇంట్లో పెట్టుకుంటే అది ఇక పిల్లల తిండి కాదు. రాత్రి దొరికింది రాత్రే నిలోఫర్, గాంధీ, ఉస్మానియా లాంటి పెద్దాస్పత్రుల బయట పడుకునే రోగుల బంధువులకు, నైట్ షెల్టర్లకు చేరిపోవాలి. పిల్లల కోసమైతే పగటి ఫంక్షన్లు పట్టుకోండి: పొద్దుటి ముహూర్తం పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఉపనయనాలు, సీమంతాలు. మధ్యాహ్నం రెండున్నర దాటాక హాల్ మేనేజర్‌కి బదులు వంట మేస్త్రితో మాట్లాడండి, ఏది ముట్టని గిన్నె, ఏది వడ్డించగా మిగిలింది అన్నది ఆయనకే తెలుసు. ముట్టని గిన్నెలోదే తీసుకోండి.

ఆయన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: పొయ్యి మీంచి ఎప్పుడు దించారు? వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి, ఈ రెండింటి మధ్య గోరువెచ్చగా గడిచే ప్రతి గంటా క్రిములకు పండగే. నాలుగైదు వందలు పెడితే గుచ్చి చూసే థర్మామీటర్ వస్తుంది, బృందానికి ఒకటి కొనండి. గోరువెచ్చగా రెండు గంటలు దాటినదాన్ని మేము పిల్లలకు పెట్టం, ఎంత ఘుమఘుమలాడినా సరే. అన్నం సంగతి మరీ జాగ్రత్త. ఉడికినా చావని ఒక రకం క్రిమి, పేరు బాసిల్లస్ సీరియస్, అన్నంలో మిగిలిపోయి గది వేడిలో మళ్లీ పెరుగుతుంది, అది వదిలే విషం తర్వాత మీరు ఎంత వేడి చేసినా పోదు. "మళ్లీ మరిగిస్తే సరిపోతుంది" అనే పెద్దవాళ్లు ప్రతి బృందంలో ఒకరుంటారు, వాళ్లకు ఇది చెప్పండి.

మా అనుభవం ఒకటి. మే నెల, ఒక ఫంక్షన్ హాల్లో అరవై మందికి సరిపడా సాంబారు ఇచ్చారు, పొగలు కక్కుతున్నది అలాగే ప్లాస్టిక్ క్యాన్‌లో పోసి మూత బిగించి కారు డిక్కీలో పెట్టాం. ట్రాఫిక్‌లో గంటన్నర. దిగాక మూత తిప్పితే సోడా సీసా తీసినట్టు 'ఫస్'మంది, పైన సన్నటి నురగ. వాసన చూస్తే పెద్దగా తేడా లేదు, చింతపండు పులుపు ఉంది కదా, తెలియదు. మాలో ఒకాయన గరిటెడు రుచి చూసి "బానే ఉందిగా" అన్నాడు. పారబోశాం. అరవై మంది పిల్లలు ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు, వాళ్ల ముందే పారబోశాం, ఆ మధ్యాహ్నం వాళ్లకు అరటిపళ్లు, పార్లే-జీ పెట్టి తిరిగొచ్చాం. తప్పు హాలు వాళ్లది కాదు, క్యాన్‌లో పోసిన మాదే. అప్పట్నుంచి వెడల్పాటి స్టీలు డబ్బాలు, వేడి నిలిపే హాట్‌బాక్సులు తప్ప ప్లాస్టిక్ క్యాన్ మా బండెక్కలేదు.

ఇంకోటి, పెళ్లి భోజనంలో స్వీట్లు, వేపుళ్లే ఎక్కువ మిగులుతాయి. నాలుగేళ్ల పిల్లాడికి మూడు గులాబ్ జామూన్లు, కారం కారంగా చికెన్ ఫ్రై పెడితే వాడు సంబరపడతాడు, రాత్రికి వాళ్లమ్మ పడుతుంది. పెరుగన్నం, పప్పు, కూరలు దొరికితేనే మాకు పండగ.

సొంతంగా వండేటట్టయితే

నిజం చెప్పాలంటే పిల్లల విషయంలో నా ఓటు దీనికే. ఎంత వండాలో తేలక కొత్తవాళ్లు తెగ కంగారు పడతారు, కానీ ప్రభుత్వ బడి భోజనం లెక్క ఎలాగూ ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు 150, 30, 75, ఏడున్నర. అంటే యాభై మంది చిన్నపిల్లలకు 5 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, రెండున్నర కిలోల కూరగాయలు, పావు కిలో నూనె. మేము పప్పు మాత్రం కిలోన్నర వేస్తాం, ఆదివారం ఆకలి బడి ఆకలి కంటే పెద్దది.

దీనికి తోడు తలో ఉడికించిన గుడ్డు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, చిన్న తరగతుల పిల్లలకు బడి భోజనంలో ఇవ్వాలని పెట్టిన 12 గ్రాముల్లో సగం ఆ ఒక్క గుడ్డే. పొట్టు తీసి తీసుకెళ్లకండి, చేతులు తగిలి, దారిలో వేడికి పాడవుతాయి. పొట్టుతోనే పంచండి. గుడ్డు నేలకేసి కొట్టి, చేతుల మధ్య దొర్లించి పొట్టు వలవడం పిల్లలకు పెద్ద ఆట, చిన్నవాళ్లకు పెద్దవాళ్లు వలిచిపెడతారు. గుడ్డు తిననివాళ్లకు రెండు అరటిపళ్లో, వేరుశనగ చిక్కీనో ఉంచుకోండి, ఐదేళ్ల లోపు వాళ్లకు మాత్రం గట్టి పలుకులున్న చిక్కీ ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది.

కూరల్లో పెద్ద తెలివి చూపించక్కర్లేదు. సొరకాయ, టమాటా, పాలకూర, క్యారెట్ ఏది చవగ్గా ఉంటే అది పప్పులోనే వేసేయండి, విడిగా కూర చేస్తే పిల్లలు పక్కకి నెట్టేస్తారు. కారం మీ ఇంట్లో వేసే దాంట్లో సగం. వంట తొమ్మిదికి మొదలుపెడితే పదకొండున్నరకి దించొచ్చు, దించిన గంటలో ప్లేట్లోకి వెళ్లిపోవాలి. వండేవాళ్లలో ఎవరికైనా విరేచనాలో, వాంతులో, చేతికి చీము పట్టిన గాయమో ఉంటే ఆ వారం వంట దగ్గరికి రానివ్వకండి, మొహమాటపడకండి.

వడ్డించేటప్పుడు

ముందు చేతులు. ఒక బకెట్, మగ్గు, రెండు సబ్బులు, మీరే నీళ్లు పోయండి. ఇది దాటకుండా ప్లేటు లేదు. ఇందులో పది నిమిషాలు పోతుంది, పోనివ్వండి, ఆ పది నిమిషాల్లోనే పిల్లల పేర్లు తెలుస్తాయి.

లైన్లో నిలబెట్టి పంచకండి. లైనంటే తోపులాట, తోపులాటంటే చిన్నవాళ్లు వెనక్కి. బంతిలో కూర్చోబెట్టండి, పట్టాలు పరిచి, పెళ్లిలో వడ్డించినట్టు మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి. అందరికంటే చిన్నవాళ్లకు ముందు. మొదటిసారి తక్కువ వేసి, రెండుసార్లు అడగండి, అడిగించుకునే అలవాటు లేని పిల్లలు "చాలు" అనేస్తారు, కళ్లు మాత్రం గిన్నె మీదే ఉంటాయి. స్టీలు ప్లేట్లు వాడండి, పేపర్ ప్లేట్లయితే షెడ్ల చుట్టూ చెత్త మిగిల్చి వచ్చినట్టే, రెండో వారానికే సూపర్‌వైజర్ వద్దంటాడు. ప్లేట్లు అక్కడే తోమి తెచ్చుకోవాలా, ఇంటికి తెచ్చి తోమాలా అన్నది నీళ్లను బట్టి చూసుకోండి, వాళ్ల డ్రమ్ములో నీళ్లు మాత్రం ముట్టుకోవద్దు, అవి ట్యాంకర్ నీళ్లు, వాళ్లకు వారానికి లెక్క.

తినే ముందు ప్రార్థన చేయించడం, మీ పార్టీ జెండా, మీ గురువుగారి ఫోటో, దాత పేరుతో ఫ్లెక్సీ, ఇవేవీ వద్దు.

ఫోటోల సంగతి వేరేగా చెప్పాలి. గరిటె గాల్లో ఉండగా పిల్లాడు ప్లేటు పట్టుకుని కెమెరా వైపు చూసే ఫోటో, మన ఫోన్లన్నిటిలో ఉంటుంది. ఒక్కసారి మీ పిల్లల్ని ఆ ప్లేటు పట్టుకున్న చోట నిలబెట్టి చూడండి. పైగా ఆశ్రమాల్లోని, సంరక్షణ అవసరమైన పిల్లల ముఖం, పేరు, వివరాలు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. దాతలకు చూపించాలంటే గిన్నెల ఫోటో తీయండి, బిల్లుల ఫోటో తీయండి, కడిగి బోర్లించిన యాభై ప్లేట్ల ఫోటో తీయండి.

కళ్లు తెరిచి ఉంచాల్సిన సంగతులు

ప్రతివారం ఒకే పిల్లల్ని చూస్తుంటే డాక్టర్ కంటే ముందు మీకే కొన్ని తెలుస్తాయి. చేతులు పుల్లల్లా ఉండి తిండి మీద ధ్యాస లేని పసిపిల్ల, రెండు పాదాలూ వాచి వేలితో నొక్కితే గుంట పడే పిల్లాడు, ఇలాంటివాళ్లకు ఒకేసారి ఎక్కువ తినిపించి కోలుకునేలా చేద్దామని చూడకండి, బాగా క్షీణించిన ఒంటికి అది ప్రమాదం. దగ్గరి అంగన్‌వాడీ టీచర్‌కో, ఆశా వర్కర్‌కో చెప్పండి. వాళ్ల దగ్గర చేతి చుట్టుకొలత చూసే రంగుల టేపు ఉంటుంది, ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువొస్తే ఎరుపు, ఆస్పత్రి చూడాల్సిన కేసు. వలస వచ్చిన పిల్లలు కూడా ఇక్కడి అంగన్‌వాడీలో చేరొచ్చు, చాలామంది తల్లులకు ఈ సంగతే తెలియదు. ఒక్క పిల్లని అంగన్‌వాడీలో చేర్పిస్తే మీరు ఆదివారం ఒక్క పూట పెట్టేదానికి ఆ పిల్లకి వారంలో ఆరు పూటలు తోడైనట్టు. ఒక గురువారం సెలవు పెట్టుకుని ఆ పని చేయండి.

పిల్లాడి ఒంటి మీద దెబ్బలు, బట్టీలో ఇటుకలు మోయిస్తుండటం, ఎవరిదో తెలియని ఒంటరి పిల్ల కనపడటం, ఇలాంటివి చూస్తే అక్కడే వాళ్లతో వీళ్లతో గొడవ పెట్టుకోకండి. 1098కి ఫోన్ చేయండి, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది.

డబ్బు గురించి, ముఖ్యంగా బయట దేశాల్లో ఉన్నవాళ్లకు

చిన్న బృందమైతే ఒక్కరి ఫోన్‌పేకి అందరూ పంపడం ఆపేయండి, స్నేహాలు చెడేది అక్కడే. ఇద్దరు సంతకం పెట్టే ఖాతా, ప్రతి ఆదివారం సాయంత్రం బిల్లులు గ్రూపులో పెట్టడం, ఈ రెండూ చాలు.

డాలస్ నుంచో, మెల్‌బోర్న్ నుంచో పంపాలనుకునేవాళ్లు ఒక విషయం చూసుకోండి. మీది ఇప్పటికీ భారత పాస్‌పోర్టే అయి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నారంటే అది విదేశీ విరాళమే, తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని వాళ్ల ఖాతాకే చేరాలి. బావమరిది ఖాతాలో వేసి ఆయన చేత ఇప్పిద్దాం అనుకుంటే బావమరిదికీ, సంస్థకీ ఇద్దరికీ తలనొప్పి. సెలవులకు వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకొచ్చి వడ్డన చేయించాలనుకుంటే రండి, కానీ ముందు ఉల్లిపాయలు తరగడానికి తొమ్మిదికి రండి, పన్నెండుకి కాదు.

మానేయాల్సి వస్తే

ట్రాన్స్‌ఫర్ అవుతుంది, అమ్మకి ఒంట్లో బాగోదు, లేదా విసుగొస్తుంది. తప్పేం లేదు. నెల ముందు చెప్పండి, మీ బదులు వచ్చేవాళ్లను రెండు వారాలు పక్కన తిప్పుకుని పిల్లలకు పరిచయం చేయండి. తర్వాత ఆ నోట్‌బుక్ ఇచ్చేయండి. మా దాంట్లో చివరి పేజీలో ఇలా ఉంటుంది: మూడో షెడ్డు చిన్నమ్మాయికి గుడ్డు పడదు, దద్దుర్లు. నీలం గేటు వాచ్‌మన్ ఆదివారం డ్యూటీ మారతాడు, కొత్తాయనకి ముందే ఫోన్ చేయాలి. పెద్ద గుండిగ పిడి వదులు, ఇద్దరు పట్టుకోవాలి. డబ్బాలు పది, వాటిలో రెండు ఎప్పుడూ తమ్ముళ్లు లోపల పడుకున్నవాళ్లకు.